గట్టెక్కేముందు కేక

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్న పెద్దమనిషి ఎవరో గానీ మా పిన్ని ఇంటివైపు ఎప్పుడూ వచ్చి ఉండడు. ఆవిడ కాపురానికి వచ్చిన ఏడాది నుంచి రోజూ అడుసు తొక్కింది, రోజూ కాళ్ళు కడిగింది. గడప పక్కన సిమెంటు తొట్టి, దాని అంచు మీద అడుగున చిల్లుపడిన మగ్గు. కొత్తది కొనుక్కోమంటే, "చిల్లుంది కాబట్టే చేతికి తేలిగ్గా ఉందిరా" అనేది. ఎంత రుద్దినా గోళ్ళ చుట్టూ నల్లటి చార మిగిలిపోయేది. పెళ్ళిళ్ళకి వెళితే ఆ పాదాలు కనపడకుండా బట్టల అంచు నేలమీద ఈడ్చుకుంటూ నడిచేది. ఓసారి ఆ అంచే తొక్కుకుని, భోజనాల వరసలో కూర్చున్న ఎవరో వియ్యంకుడిగారి మీద పడింది. "ఆయన మెత్తగా ఉన్నాడు కాబట్టి బతికిపోయాను" అని తనే అందరికీ చెప్పుకుని నవ్వింది. వియ్యంకుడిగారు మాత్రం నవ్వలేదని గుర్తు.

పిన్ని పని గుల్లలు ఏరడం. వాళ్ళ వీధి చివర రాతిగట్టు, గట్టు దాటితే బురద. సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఆ బురదంతా కొత్తగా నూనె రాసినట్టు మెరిసేది. దాని అంచున మడచెట్లు, వేళ్ళు నేలలో దాచుకోవడం చేతకానట్టు పైకే పెట్టుకుని నిలబడి ఉండేవి. నడిస్తే నడుం దాకా దిగిపోతాం. అందుకని ప్రతివాళ్ళకీ ముందువైపు కాస్త పైకి వంచిన పొడుగాటి చెక్క ఉండేది. ఒక మోకాలు చెక్క మీద ఆనించి, రెండో కాలితో వెనక్కి తన్నుకుంటూ జారిపోవాలి. ఆగినచోట మోచెయ్యి దాకా బురదలోకి దింపి, వేళ్ళతో వెతికి గుల్ల పైకి లాగాలి.

ఆ పనికి రెండే కట్టుబాట్లు. ఒంటరిగా దిగకూడదు, జోడీతోనే దిగాలి. జోడీలో ఎవరు ముందు గట్టెక్కాలనుకున్నా రెండోవాళ్ళకి కేకేసి, వాళ్ళు "ఓయ్" అని జవాబిచ్చాకే ఎక్కాలి. లేకపోతే లోపలున్న మనిషి, పక్కన తోడుందనుకుని ఇంకా లోపలికి పోతుంది. జవాబిచ్చాక, ఎక్కేవాళ్ళు గానీ ఉండేవాళ్ళు గానీ వెనక్కి తిరిగి చూడరు. మెడ తిప్పితే ఒళ్ళు తిరుగుతుంది, ఒళ్ళు తిరిగితే చెక్క బోల్తా పడుతుంది.

పిన్నికి జోడీ ఆవిడ తోడికోడలే, బాబాయి అన్నగారి భార్య. నోటి ఘాటు చూసి ఎవరో పెట్టిన పేరు మిరపక్క. భర్త పోయాక పిన్నివాళ్ళ ఇంటికి ఆనుకునున్న గదిలో ఒక్కతే ఉండేది. ఇద్దరికీ మధ్య ఒకటే గోడ, పెరట్లో ఒకటే దండెం. వాళ్ళు ప్రేమగా మాట్లాడుకోవడం నేనైతే వినలేదు.

"ఏమే, నీ బుట్టలో అన్నీ పసిగుడ్లే. పురిట్లోంచి లాక్కొచ్చావా?"

"నీ బుట్టలో ఖాళీ చిప్పలేం తక్కువున్నాయా అక్కా? తల దువ్వుకుంటే రాలాయా?"

ఇలా తిట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు, తిట్టుకుంటూ వచ్చేవాళ్ళు. ఒకరి నడుం పట్టేస్తే రెండోవాళ్ళు కూడా ఆ పూట దిగేవాళ్ళు కాదు. గట్టు మీద కూర్చుని, "నీ నడుం వల్ల నా పొట్ట మాడుతోంది" అని సాధిస్తూ ఆ నడుమే రుద్దేవాళ్ళు.

అలాంటి కాపురంలోకి చట్టం వచ్చింది.

బడి హాల్లో మీటింగు పెట్టారు. తీరం ఆఫీసరు చిన్నపిల్ల. ఉప్పుగాలికి కళ్ళజోడు మసకబారుతుంటే మాటమాటకీ తుడుచుకుంటూ, పాపం, చాలా మర్యాదగా చెప్పింది. దేశం ఎంత పొగ వదులుతుందో అంత పొగనీ ఎక్కడో ఒకచోట మింగించాలని చట్టం వచ్చిందట. తగ్గించగలిగింది తగ్గిస్తారు. తగ్గించలేనిది సముద్రం, అడవులు, చిత్తడి నేలలు మింగాలి. అందులోనూ మడచెట్ల కింది బురద గట్టిగా మింగుతుంది. ఏనాటివో ఆకులూ వేళ్ళూ కుళ్ళకుండా దాని కడుపులో పడి ఉన్నాయి. కాళ్ళతో, చేతులతో కెలికితే అదంతా మళ్ళీ గాలిలో కలుస్తుంది. కాబట్టి ఈ బురద దేశం ఖాతాలో చేరింది, ఇకమీదట ఎవరూ దిగకూడదు.

మిరపక్క లేచి నిలబడింది. "అమ్మాయ్, ఒక్క మాట. అదుగో ఆ కిటికీలోంచి చూడు."

కిటికీలోంచి వాగు అవతల సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడుతోంది.

"దాని మాటేంటి?"

"ఆ పొగ మింగడానికేనమ్మా ఈ బురద కావాలి" అంది ఆఫీసరు.

హాలంతా గొల్లున నవ్వింది. ఆ పిల్ల అన్నది అక్షరాలా నిజమే, కానీ నిజాన్ని ఇంత విప్పి చెప్పకూడదని అప్పుడే తోచినట్టుంది, మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుంది.

మా బాబాయి ఆ ఫ్యాక్టరీలోనే బస్తాలు నింపేవాడు. ఇంటికొచ్చాక పిన్ని ఆయనకి కంచం పెడుతూ అంది: "నువ్వు వదలాలట, నేను మింగాలట."

బాబాయి దగ్గు ఆపుకుని నావైపు తిరిగాడు. "చట్టం ఇప్పుడొచ్చింది గానీ, మీ పిన్ని పెళ్ళయిన దగ్గర్నుంచీ అమలు చేస్తూనే ఉంది."

గోడ అవతల నుంచి మిరపక్క నవ్వు వినబడింది. ఆ ఇంట్లో ఆ గోడ గుండా వచ్చిన ఆఖరి నవ్వు అదే.

ఏరేవాళ్ళకి బతుకుతెరువు చూపించాలని కూడా చట్టంలో ఉందట. వాళ్ళలోంచే ఒకళ్ళని తీర రక్షకురాలిగా పెట్టుకుంటారు. ఒక్కళ్ళనే. ఆ పిల్ల ఆఫీసరు ఓరోజు పిన్ని ఇంటికొచ్చి అడిగింది. మిరపక్క ఆ పూట కంటి ఆసుపత్రికి వెళ్ళి ఉంది. పిన్నికి అప్పటికే మోకాలు అరిగి, చెక్క మీద ఆనించిన ప్రతిసారీ ప్రాణం పోయి వస్తోంది. సరేనంది.

ఆ సంగతి తోడికోడలికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని చాన్నాళ్ళ తర్వాత అడిగితే, నేలచూపులు చూస్తూ చెప్పింది: "చెబితే అదీ అడుగుతుందిరా. అది అడిగితే దానికే ఇస్తారు. నాకంటే బాగా ఏరుతుంది, నాకంటే బాగా అరుస్తుంది. ఇంకేం కావాలి వాళ్ళకి?"

మిరపక్కకి కబురు చెప్పింది దండెం. రెండిళ్ళ బట్టలూ ఆరేసే ఆ తాడు మీద ఒకరోజు చేతుల్లేని ఆకుపచ్చ కోటు వేలాడుతోంది, వెనక తెల్లటి అచ్చక్షరాలతో.

"ఎవరిదే ఇది?"

"నాదే అక్కా."

"ఎప్పుడిచ్చారు?"

"మొన్న. నువ్వు ఆసుపత్రికి వెళ్ళినప్పుడు."

మిరపక్క కోటు అంచు పట్టుకుని బట్టల కొట్టులో బేరమాడేదానిలా అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత తన బట్టలు, ఇంకా తడివి, ఒక్కొక్కటే దండెం మీంచి తీసి భుజాన వేసుకుంది.

"గట్టెక్కేముందు కేకెయ్యాలి" అంది. "వెయ్యలేదు."

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. గోడ అవతల గిన్నెల చప్పుడు తప్ప ఇంకేం వినబడేది కాదు. బాబాయి అనేవాడు, "ఆ తిట్లు లేకపోతే నిద్ర పట్టట్లేదురా" అని.

రక్షకురాలి ఉద్యోగంలో మా పిన్ని పడిన అవస్థలు చెప్పాలంటే ఇంకో కథ అవుతుంది. కోటు ఇద్దరు పట్టేంత ఉండేది. గాలి వీస్తే వెనక సంచిలా ఉబ్బి ఆవిణ్ణి గట్టు మీద అటూ ఇటూ నడిపించేది. మెడలో విజిలు. మొదటిరోజు పెద్ద ఆఫీసర్ల ముందు ఊదమన్నారు. పాపం, గుండె నిండా ఊపిరి పీల్చి ఊదితే ఉమ్మి వచ్చింది గానీ చప్పుడు రాలేదు. పక్కింటి కుక్క మాత్రం ఏదో అర్థమైనట్టు లేచి వెళ్ళిపోయింది. పాత ఏరేవాళ్ళు దారిలో కనబడితే, "దొరసానిగారూ, మా కాళ్ళు గట్టుకి తగిలాయి, పొగ లేవలేదు కదా?" అని దణ్ణాలు పెట్టేవాళ్ళు. వాళ్ళంతా ఒక్కొక్కళ్ళే పట్నంలో రొయ్యలు ఒలిచే షెడ్లకి వెళ్ళిపోయారు.

గట్టు మీద ఒక స్తంభం, స్తంభానికి కెమెరా. బురద మీద అడుగుల జాడలు పడితే అది ఫొటో తీసి ఆఫీసుకి పంపుతుంది. ఉప్పుగాలికి దాని అద్దం మీద తెల్లటి పొర కట్టేది. రోజూ పొద్దున్నే స్టూలెక్కి దాన్ని మెత్తటి గుడ్డతో తుడవడం పిన్ని పని. ఇంట్లో అద్దం ఎన్నడూ తుడిచి ఎరగదు గానీ, దీన్ని మాత్రం పసిపిల్ల మొహంలా తుడిచేది.

మిరపక్క షెడ్డుకి వెళ్ళలేదు. గట్టు మలుపు తిరిగినచోట, మడచెట్ల చాటున, కెమెరాకి అందని వంక ఒకటుంది. అక్కడ ఒక్కతే దిగేది. జోడీ లేకుండా. పిన్నికి తెలుసు. తెలిసి, ఆ వేళకి మలుపువైపు వీపు తిప్పి స్తంభాన్ని తుడుస్తూ నిలబడేది. ఒక్కోసారి ఎంతసేపు తుడిచేదంటే, దారిన పోయేవాళ్ళు, "పిన్నీ, ఇనుముకి ఒళ్ళరుగుతుందేమో" అనేవాళ్ళు. మిరపక్క చట్టాన్నీ మీరుతోంది, జోడీ కట్టుబాటునీ మీరుతోంది. అటు తిరిగి పిలిస్తే కేసు, తిరగకపోతే ఆవిడ ప్రాణం. పిన్ని తుడుస్తూనే ఉంది.

ఓ మధ్యాహ్నం నీళ్ళు తిరిగాయి. అంటే, వెనక్కి తగ్గిన సముద్రం మళ్ళీ లోపలికి రావడం మొదలైంది. మామూలుగా ఆ వేళకి మిరపక్క మలుపు దగ్గర గట్టెక్కి, బుట్ట తలమీద పెట్టుకుని, పిన్ని ముందునుంచే, ఆవిడ లేనట్టే నడిచిపోయేది. ఆ రోజు రాలేదు. పిన్ని కాసేపు తుడిచింది. తర్వాత గుడ్డ పడేసి మలుపు దగ్గరికి పరిగెత్తింది.

మిరపక్క చెట్లు దాటి, కెమెరాకి అందే వైపుకి జారిపోయి, నడుం దాకా బురదలో ఉంది. చెక్క చెయ్యి జారి పక్కకి పోయింది. బుట్ట ముందర పెట్టుకుని, మార్కెట్లో కూర్చున్నట్టు, కదలకుండా ఉంది. పిన్ని కనబడింది, కళ్ళూ కళ్ళూ కలిశాయి. కేకెయ్యలేదు.

"అరవడం చేతకాక కాదురా" అంది పిన్ని తర్వాత నాతో. "నన్ను పిలవడం ఇష్టం లేక."

పిన్ని వెనక్కి వచ్చి కోటు విప్పి స్తంభానికి తగిలించింది. స్తంభం వెనక గోనెపట్టా కింద దాచుకున్న తన పాత చెక్క తీసింది. అరిగిన మోకాలు దాని మీద ఆనించి తన్నింది.

"ఎందుకొచ్చావే? నిన్ను పిలిచానా?"

"చెయ్యివ్వు."

"కోటు తడిసిపోతుంది, పో."

"కోటు గట్టు మీదుంది. చెయ్యివ్వక్కా."

"విజిలూదు. అదే లాగుతుందేమో నన్ను."

నీళ్ళు చెట్ల వేళ్ళని దాటి వచ్చేస్తున్నాయి. పిన్ని చెక్క మీద బోర్లా పడుకుని, తోడికోడలి చంకల కింద చేతులు వేసి లాగింది. మొదట బురద ఇవ్వలేదు. తర్వాత, అన్నం ఉడికే చప్పుడులాంటి చప్పుడు చేసి, వదిలింది. ఇద్దరూ ఒకే చెక్కకి వేలాడుతూ, తన్నుకుంటూ గట్టుకి చేరారు. బుట్ట నీళ్ళపాలైంది. మిరపక్క గట్టు మీది పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని ఇంటికి వెళ్ళిపోయింది.

పొద్దున్నే అద్దం తుడిచింది కదా, ఫొటో అద్దంలా వచ్చింది. బురద మీద పొడుగాటి చార, ఆ చార చివర మా పిన్ని మొహం, ముందర ఎవరిదో వీపు. ఫొటో మూలన, స్తంభానికి వేలాడుతున్న కోటు కూడా.

ఆఫీసుకి పిలిచారు. తోడుగా నేనూ వెళ్ళాను. ఆ పిల్ల ఆఫీసరు పిన్నికి కుర్చీ వేయించి, గొంతు తగ్గించి చెప్పింది: "అమ్మా, ఇందులో భయపడాల్సింది లేదు. ప్రాణం కాపాడటానికి దిగితే తప్పు కాదు, చట్టంలోనే మినహాయింపు ఉంది. ఎవరి ప్రాణమో రాస్తే చాలు."

"రాస్తే ఆవిణ్ణేం చేస్తారు?"

ఆ పిల్ల కళ్ళజోడు తీసింది. "ఆవిడ ఏరడానికి దిగింది కాబట్టి కేసు ఆవిడ మీదికి వెళ్తుంది."

పిన్ని గోడకున్న గడియారం వైపు చూసింది, కిటికీ వైపు చూసింది, నావైపు చూసింది. "ఎవరూ లేరమ్మా. చెప్పు జారి పడింది. తీసుకుందామని దిగాను."

"మరి ఈ వీపు?"

"బురద. ఒక్కోచోట అలా మనిషిలా పోగవుతుంది."

"ఏ కాలి చెప్పు?"

"ఎడమ కాలిదమ్మా."

ఆఫీసరు టేబులు కిందికి వంగి చూసింది. నేనూ చూశాను. పిన్ని కాళ్ళకి రెండు చెప్పులూ ఉన్నాయి.

"దొరికిందిగా మరి" అంది పిన్ని. "ఊరికే దిగానా?"

ఆ పిల్లకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ ఉద్యోగానికి పనికిరావనుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. చట్టం వచ్చాక మా తీరంలో నమోదైన మొట్టమొదటి కేసు అదే. నేరస్థురాలు తీర రక్షకురాలు, కారణం చెప్పు. కోటు, విజిలు తీసుకున్నారు. ఇకమీదట గట్టు మీదికి కూడా రాకూడదన్నారు.

వీధిలో ఆవిడ పేరు మారిపోయింది. "చెప్పు పిన్నీ, ఈసారి తాడేసి కట్టుకో!" కొట్టువాడైతే ఆవిణ్ణి చూడగానే ఎడమకాలి చెప్పొకటి చేత్తో పట్టుకుని ఊపేవాడు. ఆవిడా నవ్వేది. వియ్యంకుడి కథలా ఇదీ తనే చెప్పుకుంటుందేమో అనుకున్నాను. చెప్పుకోలేదు.

గోడకి చెవులుంటాయి, ఆ గోడకైతే మిరపక్క చెవులే ఉన్నాయి. పిన్ని బాబాయితో జరిగింది చెబుతుంటే విని, మర్నాడు గడప దగ్గరికి వచ్చి నిలబడింది. బురదలో అన్న రెండు ముక్కలు తప్ప, నెలల తర్వాత మొదటి మాట.

"నా పేరు దాచమని నేనడిగానా?"

"లేదక్కా."

"బురదలో దిగానని చెప్పుకోడానికి నాకేం సిగ్గు? పడితే కేసు నా మీద పడేది, పడనీ. నా పేరు మింగి ఏం సాధించావ్? రేపట్నించి నిన్ను చూసినప్పుడల్లా నేను తల దించుకోవాలా?"

"అలా అని కాదు..."

"గట్టెక్కేటప్పుడూ అడగలేదు, దిగేటప్పుడూ అడగలేదు. అన్నీ నీ ఇష్టమేనా?"

వెళ్ళిపోయింది. పిన్ని చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. బాబాయి పొయ్యి కట్టేశాడు.

వానలు వెలిశాక గట్టు మీద కొత్త బోర్డు పాతారు. ఓడరేవు పెంచుతున్నారట, ఓడలు రావాలంటే లోతు కావాలట, ఈ బురద తవ్వాల్సిందేనట. అదెలా అని అడిగితే ఆ చట్టంలోనే దారుంది. ఇక్కడ పోయే మింగుడు ఇంకోచోట చూపిస్తే చాలు. ఎక్కడో దూరాన ఇంకో తీరంలో ప్లాస్టిక్ గొట్టాల్లో మడమొక్కలు నాటారు. అవి పెరిగి మింగుతాయి. సిమెంటు ఫ్యాక్టరీ గేటు మీద అప్పటికే 'ఈ ఆవరణ నుంచి వాతావరణానికి భారం లేదు' అని బోర్డు వెలిసింది. బాబాయి దాని కిందనుంచే దగ్గుకుంటూ రాకపోకలు సాగించాడు.

పూడిక తీసే ఓడ వచ్చిన రోజు ఊరంతా చూడ్డానికి వెళ్ళింది. పిన్నికి గట్టెక్కే హక్కు లేదు కాబట్టి వీధి చివర గోడ పక్కన నిలబడింది. ఆ ఓడ గొట్టం బురదలోకి దించి పీల్చడం మొదలెట్టింది. మడచెట్లని ముందే కొట్టేశారు. నల్లటి బురద, దానిలో ఏనాటి ఆకులో, గుల్లలో, అన్నీ కలిసి అటువైపు గొట్టంలోంచి ధారగా పడుతున్నాయి. కోటు తొడుక్కున్న కొత్త రక్షకుడు జనం ఆ వైపు రాకుండా విజిలూదుతున్నాడు. ఆ విజిలు బాగా మోగింది.

"కెమెరా దీని ఫొటో తీసిందంటావా?" అని మిరపక్క ఎవరినో అడిగింది. నల్లగుడ్డ కట్టి ఉంది కెమెరాకి, దుమ్ము పడకుండా.

ఆ వారంలోనే మిరపక్క రొయ్యల షెడ్డుకి వెళ్ళిపోవడానికి సామాను సర్దుకుంది. షెడ్డువాళ్ళే వ్యాను పంపారు. రెండు పెట్టెలు, పరుపు చుట్ట, వాటి మీద చెక్క. "అక్కడ బురదేదీ, చెక్కెందుకు?" అని డ్రైవరు అడిగితే, "పడుకోడానికి. నీకేం?" అంది. పిన్ని ఇంటి తలుపు తడుతుందేమోనని నేను చూస్తున్నాను. తట్టలేదు. వ్యాను వెనక ఎక్కి, పెట్టె మీద కూర్చుని, సముద్రంవైపు మొహం పెట్టింది. డ్రైవరు ఇంజను వేశాడు.

అప్పుడు వేసింది కేక.

"కూహూఊ..."

వీధంతా ఉలిక్కిపడింది. కిటికీలు తెరుచుకున్నాయి. గట్టెక్కేముందు వేసే కేక, బురదంత దూరం వినబడాల్సిన కేక, ఇరుకు వీధిలో అంత గట్టిగా వేస్తే ఎలా ఉంటుంది! మరి అది వీడ్కోలో, 'కేకంటే ఇలా వెయ్యాలి, నేర్చుకో' అన్న ఎత్తిపొడుపో, ఆ మనిషికే తెలియాలి.

పిన్ని ఆ వేళ తలంటుకుంటోంది. తల నిండా నురగ, ఒంటి మీద తడిబట్ట, కళ్ళలో సబ్బు, కాళ్ళకి చెప్పుల్లేవు. అలాగే వీధిలోకి వచ్చేసింది. జనం చూస్తున్నారన్న స్పృహ లేదు. జవాబు రాకుండా జోడీ గట్టెక్కకూడదు కదా.

"ఓయ్!" అంది. గొంతు సగంలో చీలింది. మళ్ళీ అంది, "ఓయ్!"

వ్యాను కదిలింది. మిరపక్క తల తిప్పలేదు. మలుపు దాకా అదే వీపు, కెమెరాకి దొరికిన వీపు, నిటారుగా వెళ్ళిపోయింది. ఎవరో పిల్లలు నురగ చూసి కిసుక్కుమన్నారు.

బాబాయి తువ్వాలు తెచ్చి పిన్ని తలకి కప్పాడు. "ఒక్కసారైనా వెనక్కి చూడలేదేంటే మీ అక్క?"

"చూడకూడదు. చెక్క బోల్తా పడుతుంది."

"వ్యాన్లో ఉందే చెక్క!"

"ఎక్కడున్నా అంతే" అని, కళ్ళు మండుతున్నాయంటూ పిన్ని లోపలికి వెళ్ళిపోయింది.